సాధకం గది: ఖర్చు తలుపు దగ్గర మొదలుపెట్టండి

ప్రశ్న: చెన్నై మైలాపూరులో రెండో అంతస్తులో మాకు సొంత ఫ్లాటు ఉంది. పదమూడేళ్ల మా అబ్బాయి మృదంగం నేర్చుకుంటున్నాడు. తెల్లవారుజామున ఐదు గంటలకే సాధకం చేయమని గురువుగారు చెప్పారు. కింది అంతస్తులోని పెద్దావిడకు నిద్రాభంగమవుతోంది, ఎదురింటివారూ ఇబ్బంది పడుతున్నారు. ఒక చిన్న గదిని శబ్దం బయటికి పోకుండా సిద్ధం చేయాలనుకుంటున్నాం. నాలుగు గోడలకూ ఫోమ్ పలకలు అతికించమని ఒకరు, గుడ్ల అట్టలు చాలని మరొకరు అంటున్నారు. ముప్పై వేలకు మించి పెట్టలేం. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: ఆ డబ్బు ఫోమ్ పలకల మీద పెట్టవద్దని మొదటే గట్టిగా చెబుతున్నాను. ఫోమ్, గుడ్ల అట్టల వంటివి గది లోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తాయే తప్ప శబ్దం పక్కింటికి వెళ్లకుండా ఆపలేవు. శబ్దాన్ని ఆపేవి రెండే: బరువు, గాలి చొరబడని బిగింపు. పైగా చవక ఫోమ్, థర్మకోల్ నిప్పంటుకుంటే క్షణాల్లో మండి విషపు పొగ చిమ్ముతాయి కాబట్టి, పిల్లవాడు తలుపులు మూసుకుని కూర్చునే గదిలో వాటిని గోడల నిండా అతికించడం నాకు సమ్మతం కాదు.

మీ ఇంట్లో అసలు బలహీనత గోడ కాదు. రెండువైపులా పూత పూసిన నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ సుమారు 45 డెసిబెల్స్ శబ్దాన్ని అడ్డుకుంటుంది. లోపల బోలుగా ఉండి, కింద సందున్న మామూలు ఫ్లష్ తలుపు 20కి మించి అడ్డుకోదు. పది చదరపు మీటర్ల గోడలో రెండు చదరపు మీటర్లు తలుపే అయితే, రెండూ కలిసి అడ్డుకునేది 27 డెసిబెల్స్ మాత్రమే. గోడను ఎంత పటిష్ఠం చేసినా ఆ అంకె కదలదు, కాని తలుపును 30కి పెంచితే మొత్తం 36 దాటుతుంది. పది డెసిబెల్స్ తగ్గితే శబ్దం సగానికి పడిపోయినట్టు చెవికి అనిపిస్తుందని గుర్తుంచుకుంటే, తలుపు మీద పెట్టే ప్రతి రూపాయికీ ఎంత ఫలితముందో తెలుస్తుంది.

ముందుగా సందులు వెతకండి. గదిలో ఫ్యాను వేసి, తలుపు మూసి, బయట అగరుబత్తి వెలిగించి తలుపు అంచుల వెంబడి నెమ్మదిగా తిప్పండి. పొగ నిటారుగా లేవకుండా ఎక్కడ వణుకుతుందో అక్కడ సందుంది. ఫ్లాట్లలో లోపలి గదులకు గడప ఉండదు కనుక కింద అర అంగుళం ఖాళీ సర్వసాధారణం. 80 అంగుళాల ఎత్తు తలుపుకు ఆ ఖాళీ వైశాల్యంలో 0.6 శాతమే అయినా, తలుపు ఎంత మంచిదైనా అది అడ్డుకునే శబ్దాన్ని 22 డెసిబెల్స్ దాటనివ్వదు. ద్వారబంధానికి మూడు వైపులా రబ్బరు గాస్కెట్ అతికించి, కింద గడప బిగించి దానిమీద కూడా రబ్బరు వేయించండి. ఆ తరువాత తలుపుకు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక ఒకటి స్క్రూలతో బిగించండి. బరువు పెరుగుతుంది కాబట్టి అదనంగా మరో బందు వేయించడం మరవద్దు.

పక్కకు జరిపే అల్యూమినియం కిటికీ అయితే దాని పట్టాల మధ్య నుంచి శబ్దం ధారాళంగా పోతుంది. కిటికీ చట్రానికి సరిపోయేలా 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక కోయించి, అంచులకు రబ్బరు, లోపలివైపు గుడ్డలో చుట్టిన రెండంగుళాల రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన దూదిలాంటి పీచు) పెట్టించండి. పిడులు బిగిస్తే సాధకం సమయంలో పెట్టి, తరువాత తీసేయవచ్చు. రాక్‌వూల్ నూగు దురద పెడుతుంది, పనివారిని మాస్కు, చేతి తొడుగులు వేసుకోమనండి.

కింది అంతస్తు సంగతి వేరు. అక్కడికి శబ్దం గాలి ద్వారా మాత్రమే కాక, నేల ద్వారా కూడా చేరుతుంది. మృదంగాన్ని పాదం మీద ఆన్చి వాయిస్తారు కదా, తొప్పి (మంద్రంగా మోగే ఎడమ ముఖం) నాదం శ్లాబులోకి దిగుతుంది. వ్యాయామశాలల్లో పరిచే మందపాటి రబ్బరు మ్యాట్ పరిచి, దానిమీద నాలుగడుగుల చదరపు ప్లైవుడ్ పలక, ఆపైన జంపఖానా వేసి కూర్చోబెట్టండి. ఈ పీట ఏ గోడనూ తాకకూడదు, తాకితే చేసిన పని వృథా అవుతుంది.

ఇవన్నీ చేసినా ఐదు గంటలకు మృదంగం పూర్తిగా వినబడకుండా పోదని నిజాయతీగా చెప్పాలి. మంద్రనాదాన్ని ఆపడం చాలా కష్టం. ధ్వని కాలుష్య నియంత్రణ నియమాలు, 2000 ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు రాత్రివేళే. నివాస ప్రాంతాల్లో పగటి పరిమితి 55 డెసిబెల్స్ కాగా రాత్రి పరిమితి 45. కాబట్టి ఐదింటికి లేచిన పిల్లవాడు ఆ గంటసేపు తాళం వేసుకుంటూ పాఠాన్ని నోటితో చెప్పుకుని, ఆరయ్యాక వాద్యం అందుకునేలా గురువుగారిని అడగండి. అది కూడా అసలైన సాధకమే.

గాలి విషయంలో రాజీ పడవద్దు. సందులన్నీ మూసిన గదిలో చెన్నై ఉక్క భరించలేం, స్ప్లిట్ ఏసీ చల్లబరుస్తుందే కాని కొత్త గాలి తేదు. అరగంటకోసారి తలుపు తీసి ఉంచండి. ఏసీ వల్ల చర్మం ఆరి శ్రుతి మారుతుంది కనుక, గది చల్లబడిన తరువాతే శ్రుతి చేసుకోమనండి.

ప్రశ్న: మేము వేళచ్చేరిలో అద్దెకుంటున్నాం. మా పాప వయొలిన్ సాధన చేస్తుంది. గోడకు మేకు కొట్టవద్దని ఇంటివారు అంటున్నారు. మాకేమైనా మార్గముందా?
– మరో పాఠకుడు, చెన్నై

జవాబు: మీకు చాలా సులువు. బ్రిడ్జి (వయొలిన్ తీగలను మోసే చిన్న చెక్క) మీద తగిలించే రబ్బరు ప్రాక్టీస్ మ్యూట్ నాదాన్ని మూలంలోనే బాగా తగ్గిస్తుంది. అయితే ఎప్పుడూ దానితోనే వాయిస్తే కమాను ఒత్తిడి మీద అంచనా తప్పుతుంది. పగటివేళ అది తీసి వాయించనివ్వండి. పొరుగువారి పడకగదిని ఆనుకోని గది ఎంచుకుని, తలుపుకు అతికించే రబ్బరు పట్టీ వేయండి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి నెమ్మదిగా లాగితే రంగు పెద్దగా ఊడకుండా వచ్చేస్తుంది.