సమాధానం: పార్సిల్‌లో వచ్చిన అసీల్ గుడ్లు

బస్సు పార్సిల్‌లో తెప్పించిన 12 అసీల్ (పందెం కోడి జాతి) గుడ్లలో రెండే పిల్లలయ్యాయని రాశారు, చాలా బాధనిపించిందండీ. వాటిని పొదిగిన మీ పెట్ట తప్పేమీ ఉండకపోవచ్చు. అసీల్ పెట్ట గుడ్లు తక్కువే పెడుతుంది. డజను పోగయ్యేసరికి మొదటివి పాతబడిపోతాయి. వారం దాటినవి తీసుకోకండి, గుడ్డు మీద పెన్సిల్‌తో తేదీ రాయమనండి.

ఈసారి దగ్గర్లోని పెంపకందారు ఇంటికే వెళ్లి పుంజును, పెట్టలను కళ్లారా చూడండి. అవి ఒకే తల్లి పిల్లలా అని తప్పక అడగండి, అలాంటి జత గుడ్లు సరిగా పిల్లలు కాకపోవచ్చు.

పార్సిలే దిక్కైతే, గుడ్లను వెడల్పు వైపు పైకి ఉంచి, ఒక రోజు కదపకుండా ఆగి పొదగెయ్యండి. ఏడో రాత్రి టార్చ్ పెట్టి చూడండి. సాలెగూడులా ఎర్రటి నరాలు కనిపిస్తే పిల్ల ఉన్నట్టే. ఏమీ లేకుండా తేటగా ఉంటే చాలావరకు అది పుంజు కలవని గుడ్డే. నెత్తుటి వలయం కనిపిస్తే మధ్యలో చచ్చిపోయినట్టు. ఎన్ని తేటవో, ఎన్ని వలయాలో ఇక్కడ రాయండి, లోపం ఎక్కడుందో చెబుతాను.