ఫైబర్ బాక్స్ మీద ఎర్ర లైటు వెలుగుతుంటే రూటర్ మార్చాలా?

మీ ఇంట్లో సాయంత్రమయ్యేసరికి ఫైబర్ బాక్స్ మీద ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న ఎర్ర లైటు మెరుస్తోంది, నెట్ పోతోంది, పొద్దున లేచేసరికి దానంతట అదే వస్తోంది అన్నారు. కంప్లయింట్ ఇస్తే రూటర్ (అంటే ఆ బాక్సే) పాడైంది, కొత్తది కొనుక్కోండి అంటున్నారట. ఇప్పుడే కొనకండి. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే అనుమానించాల్సింది ముందు ఫైబర్ తీగను, అన్నీ చూశాకే బాక్సును.

నేను గుంటూరు జిల్లాలో ఒక కేబుల్ ఆపరేటర్ దగ్గర కొన్నేళ్లు ఫైబర్ లైన్ల పని చేశాను. ఏ ఇంటికి వెళ్లినా మేము ముందు చూసేది లైట్లనే. కనెక్షన్ ఎంతవరకు వచ్చి ఎక్కడ ఆగిందో అవే చెప్తాయి. ఎల్‌ఓఎస్ ఎర్రగా ఉందంటే ఫైబర్ తీగలోంచి నెట్‌ను మోసుకుంటూ బాక్సుకు రావాల్సిన వెలుతురు రావడం లేదు, లేదా చాలా తక్కువగా వస్తోంది. ఎల్‌ఓఎస్ ఆరిపోయి, పీఓఎన్ అనే లైటు మెరుస్తూనే ఉంటే వెలుతురు వస్తోంది గానీ ఆపరేటర్ ఆఫీసులో అందరి బాక్సులూ కలిసే యంత్రం ఓఎల్‌టీ మీ బాక్సును ఇంకా రిజిస్టర్ చేసుకోలేదు. కొత్త బాక్స్ పెట్టినప్పుడు సీరియల్ నంబర్ ఎక్కించకపోతే ఇలాగే ఉంటుంది. పీఓఎన్ నిలకడగా వెలుగుతూ ఇంటర్నెట్ లైటు ఒక్కటే ఎర్రగా ఉంటే తీగ జోలికి వెళ్లాల్సిన పనే లేదు. అది లాగిన్ సమస్య: ప్లాన్ అయిపోయి ఉండాలి, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ తప్పై ఉండాలి, లేదా ఆపరేటర్ సర్వర్‌లో ఏదో ఆగి ఉండాలి. అప్పుడు బాక్స్ పేజీలో అథెంటికేషన్ ఫెయిల్డ్ అని కనిపిస్తుంది. విండోస్ కంప్యూటర్ నుంచి నేరుగా డయల్ చేసేవాళ్లకు 691 ఎర్రర్ వస్తుంది, అర్థం అదే. కొన్ని కంపెనీల బాక్సుల్లో లైట్ల పేర్లు, రంగులు కాస్త వేరుగా ఉంటాయి, వరస మాత్రం ఇదే.

మీది ఎల్‌ఓఎస్ కాబట్టి వెలుతురు ఎంత వస్తోందో అంకెల్లో చూడాలి. నెట్ లేకపోయినా ఇది కనిపిస్తుంది. బాక్స్ వైఫైకి ఫోన్ కలిపి, బ్రౌజర్‌లో 192.168.1.1 గానీ 192.168.100.1 గానీ కొట్టండి. ఏది మీదో, దాని యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఏమిటో బాక్స్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. లోపల స్టేటస్‌లో ఆప్టికల్ ఇన్ఫర్మేషన్ అనో, పాన్ (పీఓఎన్) ఇన్ఫర్మేషన్ అనో ఒక పేజీ ఉంటుంది. అందులో ఆర్ఎక్స్ పవర్ (బాక్సుకు అందుతున్న వెలుతురు బలం) ఎదురుగా −21 డీబీఎం లాంటి అంకె కనిపిస్తుంది, డీబీఎం ఆ బలాన్ని కొలిచే కొలమానం. మైనస్ చూసి కంగారు పడకండి, ఎప్పుడూ మైనస్‌లోనే ఉంటుంది. మన దగ్గర ఎక్కువగా వాడే బీ ప్లస్ తరగతి జీపాన్ (ఒక రకం ఫైబర్ నెట్‌వర్క్) బాక్సులు −27 దాకా పనిచేయాలని ప్రమాణం. −15 నుంచి −25 మధ్య ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. −26, −27 దగ్గర ఉన్న లైన్ ఏ చిన్న కదలికకైనా పడిపోతుంది. −40 అని గానీ, ఉత్త గీతలు గానీ కనిపిస్తే వెలుతురు అసలు లేనట్టే. ఈ కొలతలో 3 తగ్గితే వెలుతురు సగమైపోయిందని గుర్తుపెట్టుకోండి.

తెనాలి దగ్గర ఒక ఇంట్లో అచ్చం మీలాంటి ఫిర్యాదే వచ్చింది. పగలు ఎవరు వెళ్లినా అంతా బాగానే ఉండేది. బాక్స్ మార్చారు, అడాప్టర్ మార్చారు, ఫలితం లేదు. చివరికి సాయంత్రం వెళ్లి ఆ పేజీ తెరిచి పెట్టుకుని కూర్చున్నాను. దోమలు వస్తున్నాయని ఆ ఇంటి పెద్దావిడ కిటికీ తలుపు వేయగానే రీడింగ్ −21 నుంచి −29కి పడిపోయింది. అంటే వెలుతురు ఆరో వంతుకు వచ్చేసింది. ఫైబర్‌ని కిటికీ సందులోంచి లోపలికి తెచ్చారు, తలుపు వేసినప్పుడల్లా నొక్కుకుపోతోంది. గోడకు రంధ్రం చేసి తీగను అందులోంచి లాగాక మళ్లీ ఆ ఇంటి నుంచి ఫోన్ రాలేదు. మీ ఇంట్లోనూ తీగ లోపలికి వచ్చే చోటు, బీరువా వెనక, మంచం కోడు కింద, తలుపు మూలలో ఎక్కడైనా నలుగుతోందేమో ముందు చూడండి. మిగిలిన తీగను చిన్న చుట్టగా చుట్టి ట్యాగ్‌తో బిగించేస్తుంటారు, దాన్ని వదులు చేసి అరచేయంత వెడల్పు చుట్టగా ఉంచండి. టీవీ కూడా అదే ఫైబర్‌లో వస్తుంటే ఇంకో గుర్తు ఉంది. మన బాక్సుకు వచ్చే డేటా 1490 నానోమీటర్ల వెలుతురు మీద వస్తుంది, టీవీ 1550 మీద. తీగ వంగినప్పుడు ఎక్కువ నానోమీటర్ల వెలుతురే ముందు బయటికి కారిపోతుంది. కాబట్టి నెట్ పోకముందే టీవీలో గళ్లు పడటం మొదలైతే ఎక్కడో వంపు ఉన్నట్టు.

బాక్స్ దగ్గర కనెక్టర్ రంగు కూడా చూడండి. ఆకుపచ్చది 8 డిగ్రీల వాలుగా చెక్కి ఉంటుంది, నీలిది అలా ఉండదు. చేతిలో సరైన ప్యాచ్ కార్డ్ (బాక్సుకు కలిపే చిన్న ఫైబర్ ముక్క) లేక పచ్చదానికి నీలిది కలిపేసి వెళ్లిపోతుంటారు. పట్టినట్టే ఉంటుంది, వెలుతురు మాత్రం చాలా పోతుంది. బాక్స్ నుంచి ఊడదీసిన ఫైబర్ కొనను కంటికి ఎదురుగా పెట్టుకుని చూడకండి, పిల్లల్ని చూడనివ్వకండి. ఆ వెలుతురు కంటికి కనిపించదు గానీ హాని చేయొచ్చు.

ఇంకో మాట, ఫోన్‌లో ఎవరు చెప్పినా పిన్నుతో నొక్కే రీసెట్ బటన్ జోలికి వెళ్లకండి. రీస్టార్ట్ చేయొచ్చు, ఏమీ కాదు. రీసెట్ చేస్తే లోపల ఉన్న యూజర్‌నేమ్, ఆపరేటర్ నెట్‌వర్క్‌కు కలిపే వీలాన్ సెట్టింగులు చెరిగిపోతాయి. అప్పుడు తీగ బాగైనా నెట్ రాదు, అసలు లోపం ఏదో ఎవరికీ అంతుపట్టదు.

ఇంట్లో తీగ అంతా బాగుంటే లోపం బయట. పక్కింటివాళ్లకూ అదే వేళకు పోతోందా అని అడగండి. వీధి మొత్తానికి పోతుంటే ఒక ఫైబర్‌ను పలు ఇళ్లకు పంచే స్ప్లిటర్ దగ్గరో, దానికి ముందు జాయింట్‌లోనో ఉంది. మీ ఒక్కరికే అయితే స్తంభం నుంచి మీ గోడ వరకు ఉన్న ముక్కలో ఉంది. అక్కడ ఉడతలు కొరకడం, ఎత్తైన లారీలు తగలడం, వినాయక ఊరేగింపుల్లో తీగలు ఎత్తి మళ్లీ సరిగా కట్టకపోవడం మేము తరచూ చూసేవాళ్లం.

మళ్లీ కంప్లయింట్ ఇచ్చేటప్పుడు నెట్ రావట్లేదని ఊరుకోకండి. “ఎల్‌ఓఎస్ వస్తోంది, పగలు రీడింగ్ ఇంత, సాయంత్రం ఇంత” అని చెప్పి, రెండు వేళల్లోనూ తీసిన స్క్రీన్‌షాట్లు పంపండి. డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) తప్పకుండా తీసుకోండి. ఓఎల్‌టీలో మీ బాక్స్ చివరిసారి ఎందుకు పడిపోయిందో చూడమనండి. కరెంటు పోయి ఆగిపోతే బాక్స్ ఆఖరి క్షణంలో డైయింగ్ గ్యాస్ప్ అనే సందేశం పంపి ఆరిపోతుంది. అది కాకుండా లాస్ (ఎల్‌ఓఎస్) అని ఉంటే తీగదే తప్పు. ఆ రికార్డు వాళ్ల స్క్రీన్ మీదే ఉంటుంది, చూడటానికి మీ ఇంటికి రానక్కర్లేదు. వచ్చిన అబ్బాయిని మాత్రం సాయంత్రం, ఎర్ర లైటు ఉన్నప్పుడే రమ్మని, ఫైబర్ కొన దగ్గర వెలుతురు కొలిచే పవర్ మీటర్ పెట్టి చూపించమని అడగండి. మీటర్‌లో −20 వస్తూ మీ బాక్స్ మాత్రం ఎల్‌ఓఎస్ చూపిస్తుంటే అప్పుడు బాక్స్ నిజంగానే పోయినట్టు, మార్చుకోండి. మీటర్‌లోనూ −28, −29 వస్తుంటే కొత్త బాక్స్ కొన్నా అదే ఎర్ర లైటు వెలుగుతుంది.

వర్క్ ఫ్రమ్ హోమ్‌లో సాయంత్రం మీటింగుల వేళకే పోతోందని రాశారు, ఆ టెన్షన్ నాకు అర్థమవుతోంది. ఈ రోజు ఎల్‌ఓఎస్ రాకముందు ఒకసారి, వచ్చాక ఒకసారి ఆర్ఎక్స్ పవర్ చూసి రెండు అంకెలూ ఇక్కడ రాయండి. తీగ ఏ దారిన ఇంట్లోకి వస్తోందో కూడా చెప్తే ఎక్కడ వెతకాలో చెప్తాను.