మాక్రో లెన్స్‌కి 2,30,000 అప్పు చేసే ముందు బ్యాంకులో ఉన్న 31,000 సంగతి చూడండి

ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడి నుంచి ఒక పాఠకుడు రాశారు. వయసు 33, పెళ్లిళ్లకి ఫోటోలు, వీడియోలు తీస్తారు. ఏడాది మొత్తం సర్ది చూస్తే నెలకి 38,000 వస్తుంది. ఇంటి ఖర్చు 24,000, బండి వాయిదా 3,200, బ్యాంకులో 31,000. ఇంట్లో అమ్మ, భార్య, మూడేళ్ల పాప. ఖాళీ రోజుల్లో కెనాన్ 80డి, 50 ఎంఎం లెన్స్ పట్టుకుని మహేంద్రగిరి వైపు వెళ్లి చిన్న చిన్న అడవి పువ్వుల్ని తీస్తుంటారు. "రేకు షార్ప్‌గా వస్తే లోపల కేసరాలు మసగ్గా వస్తున్నాయి, అందుకని ఫోకస్ బ్రాకెటింగ్ (ఫోకస్‌ని తనే జరుపుతూ వరుసగా ఫోటోలు తీయడం) ఉన్న ఆర్7 కెమెరా బాడీ, చిన్నవాటిని బాగా దగ్గర్నుంచి తీసే ఆర్ఎఫ్ 100 మాక్రో లెన్స్ కొందామనుకుంటున్నా. రెండూ కలిపి 2,30,000. మూడేళ్లకి 16 శాతం మీద పర్సనల్ లోన్ ఇస్తామని మెసేజ్ వచ్చింది. ఫోటోలు స్టాక్ సైట్లలో అమ్మి వాయిదా కట్టేస్తా. లోన్ రాకపోతే మా ఆవిడ బంగారం పెడతా. తీసుకోమంటారా సార్?" అని అడుగుతున్నారు.

వద్దు. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి, వస్తువు మాత్రం మారుతుంటుంది, ఒకరికి డ్రోన్, ఒకరికి కుట్టుమిషన్లు, ఇంకొకరికి కెమెరా. అందరి లెక్కలోనూ ఒకటే తప్పు. ఇంకా రూపాయి కూడా రాని పని రేపు వాయిదా కడుతుందని ఈరోజే సంతకం పెట్టేస్తారు. మీ వాయిదా నెలకి 8,086 పడుతుంది, మూడేళ్లలో వడ్డీయే 61,000 దాటుతుంది. ఇప్పుడు మీకు నెలకి మిగిలేది 10,800, అది కూడా సగటు లెక్కే. ఆషాఢంలో ఎన్ని ఆర్డర్లు వస్తాయి? మూఢం వచ్చిన నెలలో? వాయిదా తేదీకి ముహూర్తాలతో పనిలేదు కదా. ఇంతవరకూ ఒక్క మొక్క ఫోటో కూడా అమ్మినట్టు మీరు రాయలేదు. ఇక బంగారం మాట మళ్లీ ఎత్తకండి. మీ అమ్మగారికి రాత్రిపూట ఒంట్లో బాగోక విశాఖపట్నం తీసుకెళ్లాల్సి వస్తే ఆదుకునేది ఆ బంగారమే, దాన్ని లెన్స్ కోసం తాకట్టు పెడతారా?

అసలు మీకు ఆ సామాను అవసరమే లేదు. ఇది అప్పు మాన్పించడానికి చెప్తున్న మాట కాదు, నేనూ పదేళ్లుగా మొక్కలు తీస్తున్నాను.

మసక రావడానికి కారణం మీ కెమెరా కాదు. పువ్వు దాని అసలు సైజులోనే సెన్సర్ మీద పడేంత దగ్గరికి, అంటే 1:1కి వెళ్తే, 80డి లాంటి సెన్సర్ మీద ఎఫ్/8 (లెన్స్ లోపలి కన్నం ఎంత తెరిచామో చెప్పే అంకె, ఇది పెరిగితే కన్నం చిన్నదవుతుంది) దగ్గర ఫోకస్‌లో ఉండే లోతు అర మిల్లీమీటరు కంటే కొంచెం ఎక్కువ, అంతే. లక్ష పెట్టి కొన్న లెన్స్‌కైనా ఇదే లెక్క. పోనీ ఎఫ్/22 పెడదామంటే అంత దగ్గర్లో అది దాదాపు ఎఫ్/44లా పనిచేస్తుంది, డిఫ్రాక్షన్ వల్ల, అంటే చిన్న కన్నంలోంచి వచ్చే వెలుగు చెదరడం వల్ల, ఫోటో మొత్తం మెత్తబడిపోతుంది. అందుకే ఎఫ్/5.6కీ ఎఫ్/8కీ మధ్య ఉండి, ముందు నుంచి వెనక్కి ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ, ఒకదాని లోతు ఇంకొకదాని మీదికి పావు వంతుకి పైగా వచ్చేలా వరుసగా తీసి కలపాలి. ఎనిమిది మిల్లీమీటర్ల లోతున్న పువ్వుకి ఎఫ్/8లో ఇరవై ఫోటోలు చాలు. ఆర్7 ఈ జరపడాన్నీ, కావాలంటే కలపడాన్నీ తనే చేస్తుంది, అంతే తేడా. మీ 80డిని లాప్‌టాప్‌కి కలిపితే ఈఓఎస్ యుటిలిటీలో ఫోకస్‌ని చిన్న అడుగు, పెద్ద అడుగుగా జరిపే బటన్లు ఉంటాయి, ఆ సాఫ్ట్‌వేర్‌కి డబ్బు కట్టక్కర్లేదు. కొండ మీద లాప్‌టాప్ కుదరనప్పుడు ట్రైపాడ్ మీద పెట్టి లైవ్ వ్యూలో, అంటే వెనక తెర మీద చూస్తూ, ఫోకస్ రింగ్ తిప్పుతూ తీయండి, ఓపిక కావాలి గానీ వస్తుంది.

ఫోటోకీ ఫోటోకీ వెలుగూ రంగూ మారకుండా మాన్యువల్ ఎక్స్‌పోజర్ పెట్టండి, వైట్ బ్యాలెన్స్ ఒకేచోట బిగించండి. ఫోకస్ మారినకొద్దీ పువ్వు కొంచెం పెద్దదీ చిన్నదీ అవుతుంది కాబట్టి చుట్టూ ఖాళీ వదలండి, లేకపోతే కలిపాక అంచులు తెగిపోతాయి. మొక్కలకి అసలు శత్రువు గాలి. తెల్లారగట్ల గాలి లేవకముందే మొదలుపెట్టి, కాడకి ఒక పుల్ల పాతి క్లిప్పుతో మెల్లగా పట్టించండి. ఫోటోలు కలపడానికి హ్యూజిన్ అనే సాఫ్ట్‌వేర్‌తో పాటు ఉచితంగా వచ్చే ఎన్‌ఫ్యూజ్ చాలు, డబ్బులున్న రోజున కొనుక్కునే జెరీన్ స్టాకర్ గానీ హెలికాన్ ఫోకస్ గానీ చూడొచ్చు. జెరీన్‌లో అయితే నూగు ఉన్న కాడలకి పీమ్యాక్స్ అనే పద్ధతి, నున్నటి రేకులకి డీమ్యాప్ అనే పద్ధతి బాగుంటాయి. రేకు మీద రేకు పడిన చోట మసక అంచు మిగిలితే అక్కడ చేత్తో సరిచేయాల్సిందే.

ఇక లెన్స్. మీరు అడిగిన ఆర్ఎఫ్ లెన్స్ 80డికి ఎక్కదు, అది కొంటే బాడీ కూడా కొనాల్సిందే, మీ ఖర్చు అక్కడే పెరిగిపోయింది. మీ దగ్గరున్న 50 ఎంఎం లెన్స్‌కి, కెమెరాతో కరెంటు కలిపే కాంటాక్టులున్న ఎక్స్‌టెన్షన్ ట్యూబులు వేయండి. వాటిలో గాజు ఉండదు, లెన్స్‌ని సెన్సర్‌కి దూరం జరుపుతాయి, అంతే. 36 ఎంఎం ట్యూబు వేస్తే 1:1కి దగ్గర దాకా వెళ్తారు, విష్ణుక్రాంత, తుమ్మి పువ్వులకి అది సరిపోతుంది. పువ్వుకి బాగా దగ్గరగా వెళ్లాలి కాబట్టి లెన్స్ నీడ పడుతుంది, పక్కన ఒక తెల్ల కాగితం పెట్టుకోండి. తర్వాతెప్పుడైనా సెకండ్ హ్యాండ్‌లో ఈఎఫ్-ఎస్ 60 మాక్రో గానీ పాత టామ్రాన్ 90 గానీ చూడండి. పువ్వు సీతాకోకచిలుకలా ఎగిరిపోదు, కాబట్టి దూరం నుంచి తీసే 180 ఎంఎం మాక్రో మీకు అక్కర్లేదు. 90 వల్ల వెనక నేపథ్యం శుభ్రంగా వస్తుంది, 60 తేలిక. మన వైపు తేమ ఎక్కువ కాబట్టి కొనే ముందు టార్చ్ వేసి లోపల ఫంగస్ ఉందేమో చూడండి. నాది 60, దాంతో మేడ మీద కుండీలో మొలిచిన తుమ్మిని ఇరవై రెండు ఫోటోలు కలిపి తీశాను, అందులో నాకేమీ తక్కువ కనిపించలేదు.

ఇప్పుడు నా అసలు బాధ, ఆ 31,000. ఇంటి ఖర్చూ బండి వాయిదా కలిపి నెలకి 27,200, అంటే మీ దగ్గరున్నది ఒక్క నెల మీద నాలుగు రోజులు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మీ గజపతి జిల్లాని ఎలా చేసిందో మీరే చూసి ఉంటారు, 2020లో పెళ్లిళ్లు ఆగిపోయినప్పుడు కెమెరా పట్టుకున్న ప్రతి ఇల్లూ ఏమైపోయిందో కూడా మీకు తెలుసు. జీతగాళ్లకి ఆరు నెలల ఖర్చు చాలంటాను. సీజన్ మీద బతికే మీకు తొమ్మిది నెలలది కావాలి, అంటే 2,44,800. మీరు అప్పు చేద్దామనుకున్న మొత్తానికీ దీనికీ తేడా పదిహేను వేలే! అప్పుకి కట్టగలననుకున్న డబ్బునే, నెలకి 8,000 చొప్పున, మీ పేరనే పక్కన పెట్టుకోండి. ఆరేడు నెలల్లో మూడు నెలల ఖర్చు, 81,600 చేరుతుంది, సీజన్ బాగుంటే ఇంకా ముందే. తొమ్మిది నెలలది నిండటానికి రెండేళ్ల పైన పడుతుంది, పట్టనివ్వండి. సగం సేవింగ్స్‌లో, సగం ఎప్పుడైనా తీసుకోగలిగే ఎఫ్‌డీలో ఉంచండి. దీన్ని షేర్లలో పెడదామా అని మాత్రం అడగకండి.

హెల్త్ పాలసీ గురించి మీరేమీ రాయలేదు. లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి, అమ్మగారికి విడిగా. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియం మీద జీఎస్‌టీ కూడా లేదు. టర్మ్ పాలసీ కూడా కావాలి, అంటే మీకేమైనా అయితే ఇంటివాళ్లకి డబ్బొచ్చే జీవిత బీమా. నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో వేసే సిప్‌లు తర్వాత చూద్దాం.

ట్యూబులు ఈ నెల మిగులుతోనే కొనేయండి, దానికి అప్పు అక్కర్లేదు. సెకండ్ హ్యాండ్ లెన్స్ మాత్రం 81,600 చేరాకే, అదీ మొక్కల ఫోటోలకి ఎవరైనా డబ్బిస్తే ఆ డబ్బుతో. పెళ్లి అడ్వాన్సు చేతికొచ్చిన రోజే అందులో అయిదో వంతు ఆ పక్క ఖాతాలో వేసేయండి, దాని ఏటీఎం కార్డు మీ ఆవిడ దగ్గర ఉంచండి.