మూగచిత్రంలో మూగజీవి

ప్రశ్న: మేము కాలిఫోర్నియాలో ఉంటున్నాము. ఈ మధ్య మా ఊరి గ్రంథాలయంలో రిన్ టిన్ టిన్ అనే శునక నటుడి గురించి ఒక రచయిత్రి ప్రసంగం, ఆ తరువాత 1925 నాటి ‘క్లాష్ ఆఫ్ ది వుల్వ్స్’ మూగచిత్ర ప్రదర్శన ఏర్పాటు చేస్తే, మా పదేళ్ల అమ్మాయిని తీసుకుని వెళ్లాను. తెర పక్కన ఒకాయన కూర్చుని సినిమా అయ్యేదాకా పియానో వాయించారు. కాలిలో ముల్లు దిగి ఆ కుక్క కుంటే సన్నివేశంలో మా అమ్మాయి నా చెయ్యి వదలలేదు. ఇంటికి వచ్చే దారంతా ప్రశ్నలే. దానికి నిజంగా నొప్పి పుట్టిందా? అలా చెయ్యమని ఎవరు చెప్పారు? అంత బాగా నటించే కుక్కకు తరువాత సినిమాలు ఎందుకు తగ్గిపోయాయి? మొదటి ఆస్కార్ దానికే రావలసిందని హాల్లో ఎవరో అన్నారు, అది నిజమేనా? దయచేసి వివరించగలరు.
– ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా మీ అమ్మాయి మనసు కుదుటపడే మాట చెప్పండి. ఆ కుంటు నేర్పిన విద్య. నేర్పినవాడు లీ డంకన్ అనే అమెరికన్ సైనికుడు.

మొదటి ప్రపంచయుద్ధం ముగింపుకు వచ్చిన రోజులలో, 1918 సెప్టెంబరు 15న, ఫ్రాన్సులోని లొరేన్ ప్రాంతంలో బాంబులు పడి కూలిన ఒక కుక్కల శాలలో ఒక తల్లి కుక్క, అయిదు పసికూనలు ప్రాణాలతో మిగిలి ఉండగా తాను చూశానని డంకన్ చెప్పుకున్నాడు. వాటిలో రెండింటిని తన దగ్గర ఉంచుకుని, యుద్ధకాలంలో ఫ్రెంచివారు ఆపద రాకుండా రక్షగా ధరించిన చిన్న నూలు బొమ్మల జంట పేర్లే వాటికి పెట్టాడు. నానెట్ అనే ఆడపిల్ల అమెరికా చేరిన కొద్ది రోజులకే జబ్బు చేసి చనిపోగా, రిన్ టిన్ టిన్ మిగిలింది. డంకన్ కూడా చిన్నతనంలో కొంతకాలం అనాథాశ్రమంలో పెరిగినవాడే. దిక్కులేని ఆ కూనను ఆయన జీవితాంతం గుండెకు హత్తుకున్న తీరును అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క విషయం చాలునని నాకు అనిపిస్తుంది.

1922లో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఒక శునక ప్రదర్శనలో అది దాదాపు 12 అడుగుల ఎత్తు దూకడాన్ని ఒకరు స్లో మోషన్ కెమెరాతో చిత్రించారు. తన కుక్క తెర మీద ఎలా కనిపిస్తుందో చూసిన తరువాత డంకన్ స్టూడియోల చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. 1923లో వార్నర్ బ్రదర్స్ సంస్థ దానిని కథానాయక పాత్రలో నిలిపింది.

మీ అమ్మాయి వేసిన రెండవ ప్రశ్న అన్నింటిలోకి లోతైనది. జంతువులను మనం మూగజీవులు అంటాము. మాటలు లేని సినిమాను మూగచిత్రం అంటాము. మూగచిత్రంలో మనిషికీ మాట లేదు. నాయకుడైనా, నాయిక అయినా చూపుతో, నడకతో, ఒంటి తీరుతో మాత్రమే తన బాధ చెప్పుకోవాలి. ఆ విద్యలో కుక్క మనిషికి ఏమాత్రం తీసిపోదు. మీరు చూసిన చిత్రంలో అది లోబో అనే తోడేళ్ల నాయకుడు. జెముడు ముల్లు గుచ్చుకున్న ముందుకాలిని నేలకు ఆనించీ ఆనించకుండా, తల వాల్చి, తన గుంపును విడిచి ఒంటరిగా వెళ్లే ఆ నడకను ఒకసారి గుర్తుకు తెచ్చుకోండి. అక్కడ సంభాషణ ఉంటే అడ్డమే అయ్యేది. ఆ సమయంలో డంకన్ కెమెరా చట్రానికి బయట నిలబడి, చేతి సైగలతో, నోటి మాటలతో దానిని నడిపించేవాడు. శబ్దం రికార్డు కాదు కనుక ఆయన ఎంత గట్టిగా పిలిచినా చిత్రానికి నష్టం లేదు.

మూడవ ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. 1927 అక్టోబరులో వార్నర్ సంస్థ వారి మాటలు వినిపించే చిత్రం ‘ది జాజ్ సింగర్’ విడుదలైన తరువాత ప్రేక్షకులు మాటల కోసం రాసాగారు. మైకు ముందు శిక్షకుడు నోరు విప్పే వీలు లేదు, కుక్కకు సంభాషణ లేదు. మనుషులకు మాట వచ్చిన రోజున మూగజీవి మళ్లీ మూగజీవిగానే మిగిలిపోయింది. అదే వార్నర్ సంస్థ 1929 చివరిలో దానితో ఒప్పందం ముగించింది. ఆ తరువాత అది సినిమాహాళ్లలో భాగాలుగా ప్రదర్శించే సీరియళ్లలో నటించి, 1932 ఆగస్టు 10న కన్నుమూసింది. దాని సమాధి పారిస్ పక్కనే ఉన్న ఆనియేర్‌లోని జంతువుల శ్మశానంలో ఉంది.

ఆస్కార్ సంగతి చాలా కాలంగా ప్రచారంలో ఉన్న కథ. ఎక్కువ ఓట్లు కుక్కకే వచ్చినా పరువు పోతుందని మనిషికి ఇచ్చారని చెబుతారు. 1929లో ఉత్తమ నటుడిగా నమోదైన పేరు ఎమిల్ జానింగ్స్. మీ అమ్మాయికి దీనిని కథగానే చెప్పండి.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. అమెరికాలో తీసిన మూగ కథాచిత్రాలలో దాదాపు 70 శాతం పూర్తిగా నశించాయని అక్కడి జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో తేల్చింది. మన సంగతి ఇంకా బాధాకరం. రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ మద్రాసులో తీసిన 1921 నాటి ‘భీష్మ ప్రతిజ్ఞ’ ఈనాడు చూద్దామన్నా దొరకదు. భద్రపరచదగిన చిత్రాలను చేర్చే అమెరికా జాతీయ చలనచిత్ర జాబితాలో 2004లో చోటు పొందిన ‘క్లాష్ ఆఫ్ ది వుల్వ్స్’ను, పక్కన పియానో మోగుతుండగా పెద్ద తెర మీద మీ అమ్మాయి చూడగలగడం నిజంగా అదృష్టం.

1925 చిత్రాలకు అమెరికాలో కాపీహక్కు 2021 జనవరి 1తో తీరిపోయింది కాబట్టి, దీనిని ఇంట్లో మళ్లీ చూడటానికి అడ్డు లేదు. ముల్లు సన్నివేశం వచ్చినప్పుడు, తెరకు అవతల నిలబడి ఒకాయన ఆ కుక్కను పేరు పెట్టి పిలుస్తున్నాడని మీ అమ్మాయికి చెప్పి చూపించండి.