సర్దుబాటు, వంతు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఫోన్‌లో వైఫై, బ్లూటూత్ ఒకే చిప్‌నీ ఒకే యాంటెనానీ పంచుకుంటూ బ్యాటరీ ఎలా మిగులుస్తాయో తెలుగులో రాయాలన్న ఆలోచన నీకు వచ్చినందుకే చాలా సంతోషమేసింది. ఇలాంటివి ఇంగ్లిష్‌లో చదువుకోవాల్సిందే అని మనవాళ్లు ముందే వదిలేస్తారు. నువ్వు వదల్లేదు.

కానీ రెండో పేరా దగ్గరే ఆగిపోయానమ్మా. "షేర్ ఆటోలో అందరూ కలిసి వెళ్లినట్టు" అని పోల్చావు. వినడానికి బాగుంది, విషయానికి మాత్రం సరిపోదు. ఆటోలో అందరూ ఒకేసారి ప్రయాణం చేస్తారు. ఇక్కడ అది కుదరదు. బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ రేడియో బ్యాండ్‌లోనే పనిచేస్తుంది, వైఫై కూడా చాలాసార్లు అక్కడే ఉంటుంది. మన దేశంలో 2005 నుంచి ఆ బ్యాండ్‌లో తక్కువ పవర్ పరికరాలకు లైసెన్స్ అక్కర్లేదు కాబట్టి అక్కడ రద్దీ కూడా ఎక్కువే. బ్లూటూత్‌కి 79 సన్నటి ఛానెళ్లు ఉంటాయి, సెకనుకి 1600 సార్లు ఒకదాని మీంచి ఇంకోదానికి గెంతుతుంది. వైఫై ఉన్న ఛానెళ్లను తప్పించుకుని గెంతడం 2003లో నేర్చుకుంది. వేరే గదిలో ఉన్న రౌటర్‌తో గొడవైతే అది చాలు. అదే చిప్‌లో పక్కనే ఉన్న వైఫై గట్టిగా పంపుతుంటే మాత్రం చాలదు. చెవి పక్కన డప్పు మోగుతుంటే గుసగుస వినపడదు కదా. అందుకే ఒకరి తర్వాత ఒకరు. కాలువ చివర పొలం ఉన్న రైతు ఎవరినైనా అడుగు, దీన్ని ఏమంటారో చెబుతాడు: వంతు. నీ వ్యాసానికి కావాల్సిన మాట అదే.

నేనూ ఈ తప్పు చేశాను. చాలా ఏళ్ల కిందట, రెండూ ఒకేసారి పనిచేస్తాయని రాసేశాను. అది చదివిన ఒక మొబైల్ రిపేరు షాపాయన ఫోన్ చేసి రమ్మన్నాడు. అప్పటి ఫోన్ ఒకటి విప్పి భూతద్దం కింద పెట్టాడు. చిటికెన వేలి గోరంత చిప్, దాన్నుంచి యాంటెనా దాకా సన్నటి దారి ఒక్కటే. "ఒక్క దారే కదండీ, ఇద్దరూ ఒకేసారి ఎలా మాట్లాడతారు?" అన్నాడు. అప్పటినుంచి పంపకం గురించి ఎక్కడ చదివినా, ఆ క్షణంలో ఆగి ఉన్నది ఎవరు అనే వెతుకుతాను.

వంతు ఎలా మారుతుందో నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. అసలు కథ అక్కడే ఉంది. వైఫైలో బ్యాటరీ మిగల్చడానికి ఒక ఏర్పాటు ముందునుంచీ ఉంది. ఫోన్ చిన్న సందేశం పంపి "నేను పడుకుంటున్నా" అని రౌటర్‌కి చెబుతుంది. అప్పుడు రౌటర్ దానికి వచ్చిన డేటాను తన దగ్గరే దాచి ఉంచుతుంది. సాధారణంగా 102.4 మిల్లీసెకన్లకొకసారి రౌటర్ బీకన్ అనే చిన్న పలకరింపు సిగ్నల్ పంపుతుంది, ఫోన్ ఆ వేళకి లేచి తనకేమైనా వచ్చిందా అని చూసుకుంటుంది. యాంటెనా పంచుకోవడానికి కూడా ఇంజనీర్లు దీన్నే వాడుకున్నారు. బ్లూటూత్ వంతు రాగానే ఫోన్ రౌటర్‌కి పడుకుంటున్నానని చెప్పి, యాంటెనాని ఇయర్‌బడ్స్‌కి ఇస్తుంది. పాటలో ఓ ముక్క అందగానే మళ్లీ లేచానంటుంది. మధ్యలో బ్లూటూత్ ఉందన్న సంగతి రౌటర్‌కి తెలియనే తెలియదు.

చెప్పకుండా వెళ్లిపోతే ఏమవుతుందో కూడా రాయి. రౌటర్ పంపుతుంది, అందినట్టు జవాబు రాదు, మళ్లీ పంపుతుంది. సిగ్నల్ బాగాలేదేమో అనుకుని స్పీడు తగ్గిస్తుంది. స్పీడు తగ్గితే అదే డేటాకి ఎక్కువసేపు పడుతుంది, ఫోన్ రేడియో అంతసేపూ మేలుకుని ఉండాలి. బ్యాటరీ పోయేది అక్కడ. "చిప్‌లు తగ్గాయి కాబట్టి కరెంటు తగ్గింది" అన్న నీ వాక్యం అందుకే నిలబడదు. చిప్ తగ్గితే చోటు, ఖర్చు తగ్గుతాయి. కరెంటు మాత్రం రేడియో ఎంతసేపు మేలుకుని ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. పంపేటప్పుడే కాదు, ఊరికే చెవి ఒగ్గి వింటున్నా రేడియో బాగానే తింటుంది.

టవర్ల గురించి నువ్వు రాయలేదు, చేర్చితే బాగుంటుంది. ఇప్పుడు ఒకే రేడియో యూనిట్ 4జీ, 5జీ రెండింటినీ నడిపించగలదు. అందులో ఎక్కువ కరెంటు తినేది, సిగ్నల్‌కి బలం పెంచే పవర్ యాంప్లిఫయర్. అర్ధరాత్రి రెండింటికి ఆ టవర్ కింద ఒక్కరూ ఫోన్ వాడకపోయినా, 4జీ దాదాపు ప్రతి మిల్లీసెకనుకీ తన గుర్తు సిగ్నల్ పంపుతూనే ఉంటుంది. ఆ అలవాటు చూసే 5జీని వేరేలా కట్టారు. పనిలేనప్పుడు 20 మిల్లీసెకన్లకోసారి పలకరిస్తే మామూలుగా సరిపోతుంది, మధ్యలో యాంప్లిఫయర్ కునుకు తీయొచ్చు. కానీ ఇద్దరికీ యాంప్లిఫయర్ ఒకటే అయినప్పుడు 4జీ దాన్ని పడుకోనివ్వదు. ఒకే గదిలో ఒకరు రాత్రంతా లైటు వేసుకుని కూర్చుంటే రెండోవారికి నిద్ర ఎక్కడిది? పంచుకుంటే ఎప్పుడూ ఆదాయే అని నమ్మే పాఠకుడికి ఇది తప్పకుండా తెలియాలి.

ఇంకొక్క మాట. వైఫై, బ్లూటూత్ ఇలా ఒకేచోట ఇమిడి పనిచేయడాన్ని ఇంగ్లిష్‌లో కోఎగ్జిస్టెన్స్ అంటారు, దాన్ని నువ్వు "సహజీవనం" అని రాశావు. పేపర్లలో ఆ మాట ఇప్పుడు ఏ అర్థంలో వస్తోందో నీకు తెలుసు, పాఠకుడి మనసు అటే పోతుంది. "సర్దుబాటు" అని రాయి, అందరికీ తెలిసిన మాట. చిప్, రౌటర్, యాంటెనా లాంటివాటిని అలాగే ఉంచు. వాటికి కొత్త మాటలు కట్టాలని టెన్షన్ పడకు.

తిరగరాసే ముందు ఒక పని చెయ్యి. మీ ఇంట్లో రౌటర్‌ని 2.4కి పెట్టి, ఇయర్‌బడ్స్‌లో పాట వింటూ పెద్ద ఫైలు డౌన్‌లోడ్ చెయ్యి. రౌటర్‌కి దగ్గరగా ఒకసారి, రెండు గోడల అవతల ఒకసారి. తర్వాత 5 గిగాహెర్ట్జ్‌కి మార్చి మళ్లీ విను. పాట ఎక్కడెక్కడ తెగిందో, అసలు తెగలేదో, ఉన్నది ఉన్నట్టు కాగితం మీద రాసుకో. ఆ కాగితం కూడా వ్యాసంతో పాటు పంపు. ముందు అదే చదువుతాను.

ఉంటాను మరి.