కొటేషన్ మార్కులు లేని నవల ఎందుకు కొందరికి అంత నచ్చుతుంది, కొందరికి అంత విసుగు?

అవర్ సోల్స్ ఎట్ నైట్ సగం చదివాను, మాటలకి కొటేషన్ మార్కుల్లేవు, కథలో ఏమీ జరగట్లేదు, అయినా కొందరు నెత్తిన పెట్టుకుంటున్నారు, లోపం నాదా పుస్తకానిదా అని అడిగారు. ఈ పుస్తకం మీద జరిగిన గొడవ ఒకటి నేను దగ్గరుండి చూశాను.

మాది పర్లాకిమిడి. ఒడిశాయే గానీ పక్కనే పాతపట్నం, అది ఆంధ్రా. నెలకోసారి ఆరేడుగురం ఒక రిటైర్డ్ మాస్టారి డాబా మీద కూర్చుని ఏదో ఒక పుస్తకం గురించి మాట్లాడుకుంటాం. ఈ నవల తెచ్చింది నేనే, కాబట్టి తిట్లూ నాకే.

చదవనివాళ్ళ కోసం రెండు ముక్కలు. రాసినాయన కెంట్ హారఫ్, అమెరికా. 2014లో పోయారు, పుస్తకం 2015లో వచ్చింది. కొలరాడోలో హోల్ట్ అని ఆయన కల్పించుకున్న ఊరు. భర్త పోయిన డెబ్బై ఏళ్ళావిడ ఆడీ, భార్య పోయిన లూయిస్ ఇంటికి వెళ్ళి, రాత్రిళ్ళు మా ఇంటికొచ్చి పడుకుంటారా, చీకట్లో కబుర్లు చెప్పుకుందాం, ఒక్కదాన్నీ ఉండలేకపోతున్నాను అని అడుగుతుంది. మీరు సగంలో ఉన్నారు గనక మిగతాది చెప్పను.

మాలో బ్యాంకులో చేసి రిటైరైన ఒకాయన ఉన్నారు. ఆయనకి నేనిచ్చింది జిరాక్స్ కాపీ. జిరాక్సులో గుర్తులు పోయాయనుకున్నారట పాపం. అవి అసలే లేవని తెలిశాక కోపం రెట్టింపైంది. ఎవులు మాటాడతన్నారో తెలీకుండా ఇదేటి రాత అని మొదలుపెట్టి, లూయిస్ అన్న మాటని ఆడీకి అంటగట్టి, ఆవిడ గుణం మంచిది కాదని అరగంట వాదించారు. పేజీ తీసి చూపించాకే తగ్గారు. మాస్టారు మాత్రం నవ్వి, తాళపత్రాల్లో కొటేషన్లు ఉన్నాయేటండీ, గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊళ్ళో కూర్చుని మాట చెవితో వినడం రాదంటే ఎలా అన్నారు. (గిడుగు రామమూర్తి గారు 1880లో ఇక్కడి రాజావారి బడిలోనే చేరారు. మా ఊళ్ళో ఏ వాదన అయినా తిరిగి తిరిగి ఆయన దగ్గరికే వస్తుంది.)

గుర్తుల సంగతి మా సరిహద్దు వాళ్ళకి చిన్నప్పుడే తెలుసు. నేను ఒడియా మీడియం. ఒడియాలో వాక్యం చివర నిలువు గీత, తెలుగులో చుక్క. ఇంట్లో మా తాతయ్య తెలుగు నేర్పిస్తుంటే ప్రతి వాక్యానికీ గీత గీసేసేదాన్ని, ఆయన రబ్బరుతో చెరిపి చుక్క పెట్టేవారు. వాక్యం మటుకు ఎక్కడ ఆగాలో అక్కడే ఆగేది. అందుకేనేమో, ఈ పుస్తకం నన్ను నాలుగైదు పేజీల కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టలేదు.

అసలు సంగతి నాకు మా అమ్మ దగ్గర తెలిసింది. అమ్మ మాట్లాడేది తెలుగే, చదవడం మాత్రం రాదు. ఒడియా కూడా కూడబలుక్కునే చదువుతుంది. వారం రోజులు రాత్రి భోజనాలయ్యాక ఆ కథ చెప్పాను. ఎవరు మాట్లాడుతున్నారని అమ్మ ఒక్కసారీ అడగలేదు. ఎందుకడుగుతుంది? మనకి మాట చివర అని ఉంది, ట ఉంది. రమ్మందిట, వస్తానన్నాట్ట. ఒడియాలో బోలి ఉంది. కొటేషన్ మార్కు చేసే పని ఈ చిన్న మాటలే చేసేస్తాయి.

కానీ అక్కడే నా వల్ల ఒక నష్టం జరిగింది. ఇంగ్లీషులో ఆ గుర్తులు లేకపోవడం వల్ల పైకి అన్న మాట, కిటికీ అవతలి చీకటి, మంచం చప్పుడు అన్నీ ఒకే గొంతుతో వినిపిస్తాయి. గోడ పక్కన నిలబడి వింటున్నట్టు ఉంటుంది. నా ట, నా అని ఆ మాటలకి మళ్ళీ కంచె కట్టేశాయి. కథ అమ్మకి తేటగా అందింది గానీ, ఆ గుసగుస అందలేదు. గుర్తులు తీసేయడం షోకు కోసం కాదని నాకు నమ్మకం కలిగింది అప్పుడే.

బోరు అన్నవాళ్ళని మాత్రం తప్పుపట్టను. కథలోకి ఆడీ మనవడూ కుక్కా వచ్చాక కొన్ని చోట్ల నాకూ ఓపిక తగ్గింది. ఏదో జరగాలని చూసేవాళ్ళకి ఇది పడదు, అంతే. మీ ఇబ్బంది గుర్తులతోనే అయితే పది పేజీలు పైకి చదివి చూడండి, గదిలో ఎవరూ లేనప్పుడైనా సరే. అప్పటికీ విసుగనిపిస్తే అది గుర్తుల గొడవ కాదు, మానేయండి.

లూయిస్ మొదట వెనక సందులోంచి వస్తే, ఆడీ ముందు గుమ్మంలోంచి రమ్మంటుంది, ఊరేమనుకున్నా సరే అని. అది చెప్పిన రాత్రి అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. నాన్న పోయి తొమ్మిదేళ్ళు. తర్వాత, ఆడీ వాళ్ళబ్బాయి ఊరుకున్నాడా అంది. లేదన్నాను. ఆడికేటి నొప్పి అని అటు తిరిగి పడుకుంది.

బ్యాంకు ఆయన ఇప్పటికీ ఒప్పుకోలేదు. కాపీ మొత్తం పెన్సిలుతో కొటేషన్లు పెట్టుకుని రెండోసారి చదివారు. మొన్న చూశాను, మూడు చోట్ల తప్పు పెట్టారు.