సీటు కోసం పొదుపు కదిలించాలా?

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్ క్యాంపర్ వ్యాన్ కొన్నాను. నా ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు. తల పైకప్పుకు తగులుతోంది, మోకాళ్లు స్టీరింగ్‌కు ఒరుసుకుంటున్నాయి. ముందు సీట్లు రెండూ మార్చేయమని, డబ్బు 24 వాయిదాల్లో కట్టొచ్చని వర్క్‌షాపువాళ్లు అంటున్నారు. వాయిదాలకు వెళ్లనా, అత్యవసర నిధిలోంచి తీయనా?

జవాబు: రెండూ వద్దండి. ముందు కొలిచే టేపు తీయండి. ఎత్తు మీది కాబట్టి పక్క సీటు ఖర్చు ఇప్పుడే కొట్టేయొచ్చు.

తర్వాత మీ సీటు కింద చూడండి. సీటును వెనక గదివైపు తిప్పుకునే స్వివెల్ ప్లేటు ఉంటే, సీటును మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు లేపుతున్నది అదే కావచ్చు. డ్రైవర్ వైపు ప్లేటు తీసేసి, పాత బోల్టులు పొట్టిగానో పొడుగ్గానో ఉంటే సరైనవి వేయిస్తే కూలీతో పోతుంది. తిప్పుకునే సౌకర్యం కావాలంటే ఎత్తు తక్కువ సీటు బేస్ కొనాలి. అయితే కొన్ని వ్యాన్లలో బ్యాటరీ ఆ బేస్‌లోనే ఉంటుంది, కొత్త బేస్‌లో బ్యాటరీ పట్టకపోతే డబ్బు వృథా.

మోకాళ్లకు మందు వేరు. సీటు జరిగే పట్టాలను వెనక్కి జరిపే అడాప్టర్ చాలు, కానీ సీటు వెనక అల్మారా ఉంటే జరగడానికి చోటేది? సీటు వీపు వాల్చి, వెనక చోటెంతో కొలవండి. ఇంకో చిక్కు: సీటు డోర్ స్తంభం దాటి బాగా వెనక్కి పోతే, స్తంభం మీది బెల్టు ముందు నుంచి వచ్చి భుజానికి ఆనదు. బకిల్ నేలకు బిగించి ఉంటే సీటుతో పాటు జరగదు. ఇవి చూడని వర్క్‌షాపు ఎంత చవకైనా వద్దు.

కొటేషన్‌లో బేస్, పట్టాలు, ఎయిర్‌బ్యాగ్ వైర్లు, బిగింపు, తనిఖీ పత్రం విడివిడిగా రాయించుకోండి. పని మొదలుపెట్టక ముందే బీమా కంపెనీకి మార్పు సంగతి రాతపూర్వకంగా చెప్పండి. దాస్తే క్లెయిమ్ దగ్గర దొరికిపోతారు. ప్రీమియం పెరిగితే, వ్యాన్ ఉంచుకునే ఏళ్లతో గుణించి అదీ ఖర్చులో కలపండి. నేల కోసే పనైతే నేను ఒప్పుకోను, అమ్మేటప్పుడు దెబ్బ. బోల్టులతో బిగించేవైతే పాత భాగాలు దాచుకుని తిరిగి వేసుకోవచ్చు.

వాయిదాల సంగతి: మిగిలిన బాకీ మీద నెలకు నూటికి రెండు వడ్డీ అయితే, 24 నెలల్లో వందకు దాదాపు 127 కడతారు. అత్యవసర నిధి ముట్టకండి. ప్లేటు తీయించే పని నెల ఖర్చుల్లోనే సర్దుకుంటుంది. బేస్ కావాల్సి వస్తే మూడు నాలుగు నెలలు కూడబెట్టి కొనండి. ఈలోగా తల తగులుతూ దూరప్రయాణాలు మాత్రం పెట్టుకోకండి.